కొండ పొట్టేలుకి రాగి గుండు

లూయిస్టన్, ఐడహో
జూన్ 12

లైల్‌కి,

ముందు కూర్చో. నిలబడి చదివావంటే ఆ తుంటి మళ్ళీ జారుతుంది, ఆ నేరం కూడా అక్క మీదే వేస్తావు.

కూర్చున్నావా? కొండ పొట్టేలు వేట పర్మిట్ల లాటరీలో నా పేరు తగిలింది! వేటశాఖ నుంచి కవరు వస్తే మామూలుగా వచ్చే 'చింతిస్తున్నాం' కాగితమే అనుకుని పొయ్యి పక్కన పడేశాను. మీ బావ వెర్న్ విప్పి చదివి, కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, 'నెడ్రా, పిచ్చెక్కకుండా ఉంటానంటే ఒక మాట చెప్తా' అన్నాడు. మనిషి జన్మలో ఒక్కసారి ఒక్క పొట్టేలు, అంతే ఈ పర్మిట్. పెళ్ళి కాకముందు నుంచీ దరఖాస్తు పెడుతున్నాను. నువ్వూ పెట్టేవాడివి. ఆ తర్వాత కొలరాడో పోయి అక్కడా పెట్టావు, అక్కడా రాలేదు. ఇప్పుడు వచ్చినా ఆ తుంటితో ఎక్కలేవు.

అందుకని ఆలోచించాను. నువ్వు కొండ ఎక్కలేకపోతే నీ గుండు ఎక్కుతుంది. నాన్న మనిద్దరికీ కొనిచ్చిన జంట తుపాకుల్లో నాది నూనె పెట్టి సిద్ధంగా ఉంది. దానికి గుండు నువ్వే చేసి పంపు. ఊళ్ళోవాళ్ళందరికీ చేసి పెడతావు, సొంత అక్కకి ఒక్కటి చేసిన పాపాన పోలేదు. ఇంకెవరి గుండుతోనూ ఈ పొట్టేలుని కొట్టను. ఇది మాట.

ఫోను చేసి చెప్పేదాన్నే. పోయినసారి మా కుక్క పోయిందని ఏడుస్తుంటే నువ్వు 'సంతోషం, నాకూ ఒక ముక్క దాచు' అన్నావు. ఆ చెవులతో ఫోను పెట్టుకోవద్దు. చెవుల్లో దూది పెట్టుకుని కాల్చమని నాన్న ఎంత మొత్తుకునేవాడో గుర్తుందా?

నువ్వు అడిగిన అమ్మ చేతి దాల్చినచెక్క కేకు కొలతలు వెనక రాశాను.

ఒళ్ళంతా గాల్లో తేలుతున్న,
నెడ్రా అక్క

*

లెడ్‌విల్, కొలరాడో
జూన్ 20

అక్కా!

కూర్చునే చదివాను. చదివి లేచాను. లేచి గారేజీలోకి పోయి లేత్ మిషను తిప్పాను. ఆ రోజు భోజనం చేశానో లేదో నాకు తెలియదు.

నువ్వు 'ఒక గుండు' అని ఎంత తేలిగ్గా రాశావు! వినేవాళ్ళకి అన్నీ ఒకటే. కాగితాన్ని కొట్టే గుండు వేరు, పొట్టేలుని కొట్టే గుండు వేరు. కాగితానికి చిల్లు పడితే చాలు, అక్కడితో పోటీ అయిపోయింది. ప్రాణమున్నది అలా కాదు. బాధ తెలిసేలోగా పడిపోవాలి. దానికి గుండు ముక్కులో చిన్న గుంట ఉండాలి, తగలగానే రేకులు విచ్చుకోవాలి, విచ్చుకున్నా విరిగిపోకూడదు. సీసం అయితే ముక్కలై మాంసంలో కలుస్తుంది. నేను అచ్చమైన రాగి కడ్డీ కోసి చేస్తాను. లెడ్ అని సీసం పేరు పెట్టుకున్న ఊళ్ళో కూర్చుని రాగి కోస్తున్నావేమిటని ఇక్కడ అందరూ నవ్వుతారు, నవ్వనీ.

పొట్టేలు లోయకి అవతలి గట్టు మీద నిలబడి నిన్ను చూసి నవ్వుతుంది. అయిదొందల గజాలు ఉండొచ్చు. అంత దూరం పోవాలంటే గుండు పొడుగ్గా, ముక్కు సన్నగా, తోక నాజూగ్గా ఉండాలి. పొట్టి గుండుని గాలి ఆడిస్తుంది. అందుకే పొడుగుది చేశాను. నా తుపాకి నీ తుపాకికి కవల కదా, దాంతో కాల్చి చూశాను. చిల్లులన్నీ ఒకదాన్నొకటి ముట్టుకుని కూర్చున్నాయి.

డబ్బా పోస్టులో వేశాను. తూటాలో మందు నింపేటప్పుడు నీ పాత కొలతే వాడు. బావకి చూపించకు, చేపల గాలానికి బరువు కట్టేస్తాడు.

కేకు చేశాను. మధ్యలో గుంట పడింది, అందులో కాఫీ పోసుకోవచ్చు. ఒక కొలత కావాలనే మార్చి రాశావా?

నీ గుండ్ల తమ్ముడు,
లైల్

*

లూయిస్టన్
జూలై 2

లైల్‌కి,

డబ్బా అందింది. ఒక్కో గుండూ ఎంత అందంగా ఉందిరా! నగల కొట్లో పెట్టినా అమ్ముడుపోతాయి. కాల్చి చూశావా అని అడుగుతావు. చూశాను. బాగున్నాయి.

అది అలా ఉంచు. నువ్వు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఎన్నాళ్ళయింది? ఆ గారేజీలో ఒక్క బల్బే కదా ఉండేది? లేత్ మీద పనిచేసేటప్పుడు కళ్ళజోడు పెట్టుకుంటున్నావా, నెత్తి మీద పెట్టుకుని వెతుక్కుంటున్నావా? ఊరికే అడుగుతున్నాను. ఈ వయసులో అందరికీ కంట్లో పొర వస్తుంది, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కేకు కొలతలు అమ్మవే. ఒక్క చెంచా కూడా మార్చలేదు. నీకు చిన్నప్పటి నుంచీ చెంచాకీ గరిటెకీ తేడా తెలియదు.

ఈ వారం అడవిలో హకిల్‌బెర్రీ పళ్ళు కోయడానికి పోతున్నాం. ఎలుగుబంట్లు మాకంటే ముందు పోతున్నాయట.

ప్రేమతో,
అక్క

(అంచున వేరే చేతిరాతతో)
లైల్, ఉత్తరం అంటించమని నాకిచ్చింది కాబట్టి ఈ ముక్క. మీ అక్క వంద గజాల్లో అట్ట పెట్టి కాల్చింది. ఒకటి ఈ మూలకి, ఒకటి ఆ మూలకి తగిలాయి. మూడోది పక్కింటివాళ్ళ గోధుమ చేలో ఉంది. నేను చెప్పినట్టు చెప్పకు. వెర్న్.

*

లెడ్‌విల్
జూలై 10

అక్కా,

ఎలా ఉన్నావు? నిజంగా అడుగుతున్నాను, ఎలా ఉన్నావు?

పొద్దున్నే కాఫీ కప్పు ఎత్తేటప్పుడు చెయ్యి ఎలా ఉంటోంది? సూదిలో దారం ఎక్కుతోందా? అమ్మకి కూడా మొదట కప్పు దగ్గరే కదా తెలిసింది. సాసరు మీద టకటకమని చప్పుడయ్యేది, మనం నవ్వేవాళ్ళం. ఇప్పుడు మంచి మందులున్నాయట. ఊరికే అడుగుతున్నాను. నీలాగే నేనూ ఊరికే అడగగలను.

నా కళ్ళకేం? గద్ద కళ్ళు.

ఇంకో డబ్బా పంపుతున్నాను. ఇవి ముందువాటికంటే ఇంకా పొడుగు, ఇంకాస్త బరువు. గాలికి అసలు లొంగవు. మనిషి అన్నాక చిన్న చిన్న పొరపాట్లు జరుగుతాయి, వాటిని ఇవి కడుపులో పెట్టుకుంటాయి. ఎవరి పొరపాట్లని అడగొద్దు.

కేకు మళ్ళీ చేశాను. మళ్ళీ గుంట. బీన్స్ పొద్దున పొయ్యి మీద పెడితే సాయంత్రానికి కూడా కటుక్కుమంటున్నాయి, కాకపోతే అది ఇక్కడ కొత్తేమీ కాదు. పెంపుడు మేక కూడా నా వంట చూసి మొహం తిప్పుకుంటోంది.

పెందలాడే పడుకో. ఓట్స్ తిను.

లైల్

*

లూయిస్టన్
జూలై 19

లైల్,

ఓట్స్ తినాలా? నేను గుర్రాన్నా?

నా చేతికి ఏ రోగమూ లేదు. నీ ఉత్తరం చదివాక నిండా కాఫీ పోసిన కప్పు పట్టుకుని ఇల్లంతా తిరిగి వచ్చాను, ఒక్క చుక్క ఒలకలేదు. మీ బావ సాక్షి. మీ బావ ఏం వాగాడో కూడా ఇప్పుడు తెలిసింది, దానికి ఆయన పడాల్సింది పడ్డాడు.

నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ అమ్మ సాసరు దాకా వచ్చావు కాబట్టి విను. నీ గుండ్లు తిన్నగా పోవడం లేదు. రెండో డబ్బావి మరీ అన్యాయం, అట్టకి తగిలిందే ఎక్కువ. నా చెయ్యే పోయిందేమోనని భయపడి, బీరువాలో మిగిలిన దుకాణం గుండ్లతో కాల్చి చూశాను. అదే తుపాకి, అదే చెయ్యి. చిల్లులన్నిటినీ అరచేత్తో మూసేయొచ్చు.

నీ కళ్ళు పోయాయి లైల్. ఆ మాట చెప్పడానికి నోరు రాక, దుకాణం గుండుతోనే పొట్టేలుని కొట్టి నీ గుండుతో కొట్టానని రాసేద్దామని కూడా అనుకున్నాను. అబద్ధం రాయడానికి కాగితం తీసి, చేతకాక పక్కన పెట్టేశాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళు, నీకు పుణ్యముంటుంది.

అక్క

*

లెడ్‌విల్
జూలై 27

నెడ్రా గారికి,

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గోడ మీది అక్షరాలన్నీ చదివాను. అడుగున ఆ చార్టు అచ్చేసినవాడి పేరుంటే అది కూడా చదివాను. డాక్టరు నా భుజం తట్టి, ఈ కళ్ళు తనకిచ్చి తన కళ్ళు తీసుకుంటారా అని అడిగాడు.

అక్కడి నుంచి తిన్నగా మైదానానికి పోయి, నీకు పంపగా ఇక్కడ మిగిలిన రెండు రకాల గుండ్లూ కాల్చాను. అన్నీ ఒక్క చిల్లులోకే పోయాయి. నా కళ్ళు బాగున్నాయి, నా గుండ్లు బాగున్నాయి, తుపాకులు కవలలు. ఇంక మిగిలింది ఎవరు?

దుకాణం గుండ్లు ఒక రోజు బాగా తగిలాయంటే అది అదృష్టం. చెయ్యి వణికే రోజులూ ఉంటాయి, వణకని రోజులూ ఉంటాయి, అమ్మకీ అలాగే ఉండేది. ఆ పొట్టేలు కాలికి దెబ్బతగిలి రాళ్ళ మధ్య ఎక్కడో వారం రోజులు చస్తే నువ్వు తట్టుకోగలవా? నేను తట్టుకోలేను. పర్మిట్ వెనక్కి ఇచ్చెయ్. లేదంటే దుకాణం గుండే తీసుకుపో, కానీ నా పేరు మాత్రం ఎత్తకు.

ఇట్లు,
గుడ్డివాడైన మీ తమ్ముడు

*

లూయిస్టన్
ఆగస్టు 3

లైల్,

నేను వెర్న్‌ని. జన్మలో నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది, తప్పులుంటే సర్దుకో.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి మీ అక్క పొయ్యి వెలిగించలేదు. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టుకున్న పర్మిట్‌ని తిప్పి పెట్టింది, రాత లోపలికి. తుపాకి బీరువాలోకి పోయింది. నిన్న వేటశాఖ వాళ్ళ అడ్రసు రాసిన కవరు బల్ల మీద చూశాను. ఇంకా పోస్టులో వెయ్యలేదు. స్టాంపులు నేను దాచేశాను.

మీ ఇద్దరిలో ఎవరు తప్పో నాకు తెలియదు, నాకు చేపలు పట్టడమే వచ్చు. రెండో డబ్బా గుండ్లు కాల్చిన అట్ట చెత్తబుట్టలో దొరికితే మడిచి ఇందులో పెట్టాను. నువ్వే చూసి చెప్పు. ఒకటి మాత్రం చెప్తాను: ఆమె చెయ్యి వణకడం లేదు. నిన్న నా వేలిలో దిగిన గాలాన్ని నాకు తెలియకుండానే లాగేసింది.

ఇంకోటి. కోపం రాకముందు నీ కేకు గురించి చర్చిలో పాస్టరు భార్యని అడిగిందట. వాళ్ళు ఇదివరకు కొండల్లో ఉండేవాళ్ళు. అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుందట, పిండిని ఆపేది ఏమీ లేక ఎగిరిపోయి కూలబడుతుందట. సోడా సగం వెయ్యాలట. ఇప్పుడు ఆ సంగతి నీకు రాయనంటోంది కాబట్టి నేను రాస్తున్నాను.

త్వరగా ఏదో ఒకటి చెయ్యి. నాలుగు రోజుల నుంచి దుకాణం రొట్టె తింటున్నాను.

వెర్న్

*

లెడ్‌విల్
ఆగస్టు 11

అక్కా, అక్కా, అక్కా,

కవరు పోస్టులో వెయ్యకు. వేసి ఉంటే పోస్టాఫీసుకి పరుగెత్తు, మిగతాది వచ్చాక చదువు.

బావ పంపిన అట్ట బల్ల మీద పరిచాను. ఆ చిల్లులు గుండ్రంగా లేవు! పొడుగ్గా, పక్కకి పడుకుని, తాళంచెవి దూర్చే కంతల్లా ఉన్నాయి. గుండు అడ్డంగా పోయి తగిలింది. చెయ్యి వణికితే గుండు ఎటో పోతుంది గానీ పల్టీలు కొట్టదు. నీ చెయ్యి రాయిలా ఉంది. అది చూసి నేను గారేజీలో ఒక్కడినే గట్టిగా అరిచాను. నా చెవులకే వినబడింది.

మరి ఇక్కడ అవే గుండ్లు గుండ్రంగా ఎందుకు పోతున్నాయి? రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మూడో రోజు సోడా సగం వేసి కేకు చేశాను. పొంగింది. పొంగి అలాగే నిలబడింది. ఆ కేకు ముందు కూర్చుని నన్ను నేను తిట్టుకున్న తిట్లు మేక విని ఉంటే ఇల్లు వదిలి పోయేది.

గాలి, అక్కా. తుపాకి గొట్టంలో మెలికల గాడులు గుండుని బొంగరంలా తిప్పి పంపుతాయి. గుండు ఎంత పొడుగైతే అంత ఎక్కువ తిరగాలి, లేకపోతే ఎదురుగాలి దాని ముక్కు పట్టుకుని తోసేస్తుంది. ఇక్కడ పదివేల అడుగుల ఎత్తులో గాలి పలచన, తోసే బలం లేదు. మీరుండేది నది ఒడ్డున, లోయ అడుగున. అక్కడ గాలి చిక్కన. నేను తుపాకి పట్టుకుని ఈ కొండ దిగి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు, ప్రపంచమంతా ఇదే గాలి అనుకున్నాను. పుస్తకాల్లో చదివాను కూడా, ఇంకెవరైనా అడిగితే నేనే పాఠం చెప్పేవాడిని. పైగా నీకు మేలు చేస్తున్నాననుకుని ఇంకా పొడుగు చేశాను! బురదలో దిగబడిన బండి మీద ఇంకో బస్తా వేశాను.

అమ్మ సాసరు మాట అన్నందుకు సిగ్గుపడుతున్నాను. క్షమించు.

ఇప్పుడు ఎంచుకోవడం నీ వంతు. పొట్టిగా చేసినవి ఒక డబ్బా పంపుతున్నాను, అవి మీ లోయలోనూ తిన్నగా పోతాయి, కానీ దూరం పోయేసరికి గాలి ఆడిస్తుంది. మొదటి డబ్బావి ఇంకా నీ దగ్గరున్నాయి. పొట్టేలు ఉండే కొండ దాదాపు మా ఊరంత ఎత్తు, అక్కడ అవి నిలబడతాయి. అని నేను అనుకుంటున్నాను. ఇదివరకు 'అనుకుంటున్నాను' అనే మాట నేనెప్పుడూ రాయలేదు, గమనించు.

నీ తమ్ముడు,
లైల్

*

లూయిస్టన్
ఆగస్టు 20

లైల్‌కి,

కవరు చించేశాను. మీ బావ స్టాంపులు తిరిగి ఇచ్చాడు, ఒకటి దీనికి అంటించాను.

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. నీకొక నిజం చెప్పనా? దుకాణం గుండ్లు బాగా తగిలిన తర్వాత కూడా, కప్పు ఎత్తిన ప్రతిసారీ నా చెయ్యి చూసుకుంటూనే ఉన్నాను. నీ ఉత్తరం వచ్చాక మానేశాను.

మొదటి డబ్బావే తీసుకుపోతున్నాను. పొట్టివి వద్దు. రెండు రకాలు సంచీలో ఉంటే తుపాకి మీది దుర్భిణి ఒకదానికి సరిచేస్తాను, పొరపాటున రెండోది పెడతాను. అదీగాక అయిదొందల గజాలు పోవాలంటే నీ పొడుగు గుండే కావాలి. కింద కాల్చి చూసే వీలు లేని గుండ్లని నమ్మి మోసుకెళ్ళడం ఇదే మొదటిసారి. మా వేటగాళ్ళు ఎవరైనా వింటే నాకు మతి పోయిందంటారు.

కానీ ముందే చెప్తున్నాను. పైకి చేరగానే అట్ట పెట్టి కాలుస్తాను. ఒక్క చిల్లు పొడుగ్గా పడినా పొట్టేలు వైపు కన్నెత్తి చూడను. గుడారం మడిచి దిగిపోతాను, ఇంక ఈ జన్మకి పొట్టేలు లేదు. అప్పుడు కూడా నీ మీద కోపం రాదు. కాస్త వస్తుంది.

కేకు కూడా మోసుకెళ్తున్నాం. మా లోయ గాలిలో పొంగిన కేకు.

అక్క

*

లూయిస్టన్
సెప్టెంబరు 17

లైల్,

గుండ్రంగా పడ్డాయి.

ముందు అదే రాయాలనిపించింది. మంచు గట్టు కింద అట్ట నిలబెట్టి కాల్చాను. మీ బావ దుర్భిణిలో చూసి, అద్దం తుడిచి, మళ్ళీ చూశాడు. ఆఖరికి 'నెడ్రా, ఒక్కటే కనబడుతోంది, మిగతావి ఎక్కడికి పోయాయి?' అన్నాడు. పోయి చూస్తే అన్నీ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని కూర్చున్నాయి. ఆ అట్టని మడిచి జేబులో పెట్టుకున్నాను.

రెండో రోజే పొట్టేలు కనబడింది. లోయకి అవతల, నువ్వు చెప్పినట్టే నవ్వుతూ. అయిదొందల గజాలకి కాస్త తక్కువ. పడుకుని గురి పెట్టాను. నీ గుండు పోగలదు, నాకు తెలుసు. కానీ మధ్య లోయలో గడ్డి ఒకవైపు, గట్టు మీద గడ్డి ఇంకోవైపు ఊగుతోంది. వేలు తీసేశాను. మీ బావ టోపీ సర్దుకున్నాడు. తర్వాత పొట్టేలు మళ్ళీ కనబడలేదు, మోకాళ్ళు వాచాయి, వర్షం పడింది. ఇంక దిగిపోదామనుకున్నాం.

ఆఖరి రోజు మధ్యాహ్నం బండ చాటున కూర్చుని కేకు పొట్లం విప్పాం. మీ బావ నోట్లో ముక్క పెట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. వెనక్కి చూశాను. అదే పొట్టేలు, కొమ్ము అంచు విరిగిన ముసలిది, గట్టు దిగి మా వైపే వస్తోంది. ఎనభై గజాలు, అంతే. చెయ్యి వణికింది లైల్, కానీ అది రోగం వణుకు కాదు. ఊపిరి వదిలాను, చెయ్యి నిలిచింది. ఒక్క గుండు. నాలుగడుగులు వేసి, పడుకున్నట్టే పడిపోయింది.

దాని పక్కన కూర్చుని మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు ఏడ్చాను. సంతోషమూ ఉంది, బాధా ఉంది.

చర్మం ఒలిచేటప్పుడు అవతలి పక్క చర్మం కింద ఇది దొరికింది. కడిగి దూదిలో చుట్టి కవరులో పెట్టాను. చూసుకో.

నీ పని మంచి పనిరా. ఇన్నాళ్ళూ నీకు ఆ మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు.

అక్క

*

లెడ్‌విల్
సెప్టెంబరు 25

అక్కా,

ఎనభై గజాలా! అయిదొందల గజాల కోసం రాత్రీ పగలూ ముక్కు చెక్కి, తోక చెక్కి, గాలినంతా తలకెత్తుకుని చేసిన గుండు! ఎనభై గజాలకైతే బావ తన బూటు విసిరినా సరిపోయేది. పొట్టేలు కేకు వాసనకే వచ్చి ఉంటుంది. ఇంక మీదట వేటగాళ్ళకి గుండ్లు మానేసి కేకులు అమ్ముతాను.

దూది విప్పాను. రేకులు నాలుగూ విచ్చుకున్నాయి, ఒక్కటి కూడా విరగలేదు. తూచాను, బరువు తగ్గనే లేదు. ఇదంతా ఇంకెవరికైనా రాస్తే గొప్పలనుకుంటారు.

ఇన్నేళ్ళ నుంచి గుండ్లు చేస్తున్నాను కదా. డబ్బాలు కట్టి పోస్టులో వేస్తాను. బాగున్నాయని కొందరు రాస్తారు, కొందరు అదీ రాయరు. నా చేతుల్లోంచి పోయిన గుండు ఒక్కటి కూడా మళ్ళీ ఇంటికి రాలేదు. ఇది వచ్చింది. రోజంతా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను, తపాలా మనిషికి చూపించాను, మేకకి చూపించాను. ఉత్తరం చివర నువ్వు రాసిన ముక్క ఎవరికీ చూపించలేదు, అది కూడా జేబులోనే ఉంది.

తుంటి సంగతి తుంటే చూసుకుంటుంది, వచ్చే సోమవారం ట్రక్కు వేసుకుని బయల్దేరుతున్నాను. రెండో డబ్బాలో మిగిలినవి పారెయ్యకు. మీ లోయలో ఒక అట్ట పెట్టి, నేను చేసిన గుండు పల్టీ కొట్టడం స్వయంగా చూడాలి.

నా కళ్ళు బాగానే ఉన్నాయి కదా.

తమ్ముడు,
లైల్